పడవ ముసుగు, ధాన్యం బరకం

వరి కోసి పనలు ఇంకా చేలోనే ఉండగా బంగాళాఖాతంలో వాయుగుండం పుట్టిందన్న కబురు వస్తే, గోదావరి, కృష్ణా డెల్టాల్లో రైతు మొదట వెతుక్కునేది బరకాన్నే. కొట్టంలో మూలకు తోసిన దాన్ని కళ్ళంలోకి ఈడ్చుకొచ్చి విప్పేసరికి ముక్క వాసన గుప్పుమంటుంది. నల్లటి బూజు చుక్కలు, మడతల్లో పగుళ్ళు, ఎలుక కొరికిన మూల. తిట్టుకుంటూనే దాన్ని రాశి మీద కప్పుతాం. వాన వెలిశాక మళ్ళీ అలాగే చుట్టి అదే మూలకు తోస్తాం. ఈ మధ్య నీలం, నలుపు ప్లాస్టిక్ పట్టాలు ఊళ్ళను కమ్మేశాయి గాని, నేను మాట్లాడేది పాతకాలపు నూలు బరకం గురించి. మైనం పట్టించిన కాన్వాసు, ఇత్తడి రింగులు, అంచుకు తాడు, ఇద్దరు పట్టుకుంటే గాని లేవని బరువు. లారీల వాళ్ళకూ, మిల్లుల వాళ్ళకూ, రైతులకూ తరతరాలుగా అలవాటైన వస్తువు. దాని గురించి నేను కొత్తగా చెప్పేదేమీ లేదు. దానికి ఇంగ్లండులో ఒక చుట్టం ఉంది. ఇద్దరినీ పక్కపక్కన నిలబెట్టి చూద్దామన్నదే నా సరదా.

ఇంగ్లండు తూర్పు తీరంలో, ఎసెక్స్, నార్ఫోక్ ప్రాంతాల్లో, వేసవి అయిపోగానే చిన్న తెరచాప పడవలను నీళ్ళలోంచి గట్టు మీదికి లాగుతారు. వాటి మీద కాన్వాసు ముసుగు కప్పి, తాళ్ళతో పొట్ట కిందుగా బిగించి, చలికాలమంతా అలా వదిలేస్తారు. వసంతం వచ్చాక ముసుగు విప్పి, పడవకు రంగులేసి మళ్ళీ నీళ్ళలోకి తోస్తారు. అంటే మన బరకం ఏడాదిలో కొన్ని వారాలే పనిచేసి మిగతా కాలమంతా మూలన పడి ఉంటుంది. ఆ ముసుగు మాత్రం అయిదారు నెలలు వానలో, మంచులో నిలబడి పనిచేసి, ఎండ కాసే రోజుల్లో విశ్రాంతి తీసుకుంటుంది. మనది ఖాళీగా ఉండి చెడుతుంది, వాళ్ళది పనిచేస్తూ చెడుతుంది. చెడ్డాక చూస్తే మాత్రం రెండూ ఒక్కలాగే ఉంటాయి: అట్టకట్టి, మచ్చలు పడి, ఎవరూ చేతితో ముట్టుకోబుద్ధి కానట్టు.

గుడ్డ ఒకటే కదా మరి. అమెరికాలో నూలు కాన్వాసుకు అంకెలు వేసి అమ్మేవారు, అంకె తగ్గేకొద్దీ మందం పెరుగుతుంది. ఇంగ్లండు వాళ్ళకు పడవల మీద మొదట అలవాటైనది నూలు కాదు, అవిసె నార. 1851లో వైట్ దీవి చుట్టూ జరిగిన పందెంలో ‘అమెరికా’ అనే స్కూనరు నూలు తెరచాపలతో వచ్చి ఇంగ్లీషు పడవలను ఓడించాక వాళ్ళ విహార పడవలూ నూలు వైపు తిరిగాయి. నూలుకు ఒక గుణముంది. తడిస్తే బలం తగ్గకపోగా పెరుగుతుంది. పోగు నీటిని పీల్చి ఉబ్బుతుంది, ఉబ్బిన పోగులు ఒకదాన్నొకటి ఒరుసుకుని సందులు మూసుకుంటాయి. కొత్త కాన్వాసు మొదటి వానకు కాస్త కారి ఆ తర్వాత ఆగిపోవడం అందుకే. గాలి ఆడనిస్తూనే నీటిని ఆపడం ఈ గుడ్డ ప్రత్యేకత. కానీ అదే నూలు బూజుకు ఇష్టమైన తిండి కూడా. అందుకే మైనమో, నూనో, రాగి లవణమో పట్టించాల్సి వచ్చింది. కథంతా అక్కడే మొదలవుతుంది.

ఎందుకంటే పాత కాన్వాసు దగ్గర ఇంగ్లండు పడవమనిషీ, మన రైతూ ఒకే చిక్కులో పడతారు. ఉతికితే మెత్తబడుతుంది, మెత్తబడితే కారుతుంది. గుడ్డను బిరుసుగా చేసినదీ, వానను ఆపినదీ చాలావరకు ఒకే పదార్థం. మురికితోపాటు దాన్నీ వదలగొడితే చేతికి హాయిగా ఉండే గుడ్డ మిగులుతుంది గాని, దాని కింద ధాన్యం మొలకెత్తుతుంది, పడవలో చెక్క నానుతుంది. ఈ చిక్కును విప్పడంలోనే రెండు వైపులా స్వభావాలు బయటపడతాయి. ఇంగ్లండు వాళ్ళు తక్కువ ఉతికి, ఉతికినప్పుడల్లా పోయినదాన్ని మళ్ళీ పట్టిస్తారు. మనం ఎప్పుడో గాని ఉతకం, ఉతికితే బాగా ఉతుకుతాం, మళ్ళీ పట్టించడం మాత్రం మన పద్ధతిలో లేదు. మెత్తబడిన బరకాన్ని చిన్న పనికి దించేస్తాం. లారీ మీదినుంచి కళ్ళానికి, కళ్ళం నుంచి పశువుల పాక తడికకు, అక్కడినుంచి కట్టెల మోపు మీదికి. వాళ్ళది మరమ్మతు, మనది పదవీ విరమణ. ఏది గొప్పదని అడిగితే నేను చెప్పలేను. మొదటి దానిలో వస్తువు మీద గౌరవం ఉంది, రెండో దానిలో వస్తువు వయసు మీద గౌరవం ఉంది.

బిరుసు అని ఒక మాటతో తేల్చేస్తాం గాని, బిరుసులన్నీ ఒకటి కావు. సముద్రపు గాలిలో ఉన్న ముసుగుకు ఉప్పు పడుతుంది. ఆ ఉప్పు పలుకులు పోగుల మధ్య కూచుని గుడ్డను గరగరలాడిస్తాయి. పైగా ఉప్పు గాలిలోని తేమను లాక్కుంటుంది కాబట్టి ముసుగు ఎప్పుడూ పూర్తిగా ఆరదు, ఆరనిచోట బూజు. ఈ బిరుసుకు మందు మంచినీళ్ళే. రాత్రంతా నానబెట్టి, నీళ్ళు మార్చి మళ్ళీ నానబెడితే చాలు, సబ్బు అక్కర్లేదు. కాకినాడలోనో భీమిలిలోనో సముద్రం ఒడ్డున పెట్టిన బరకానికీ ఇదే వర్తిస్తుంది. లోపలి జిల్లాల్లో బిరుసుకు కారణం వేరు. బోరు నీళ్ళలో సబ్బు పెట్టి ఉతికితే, ఆ నీటిలోని సున్నంతో సబ్బు కలిసి జిడ్డు తెట్టుగా మారి పోగులకు అంటుకుంటుంది. ఉతికేకొద్దీ గుడ్డ గట్టిపడుతుంది, మనం సబ్బు చాల్లేదనుకుని ఇంకా పెడతాం. ఇంగ్లండు తూర్పు తీరంలో కుళాయి నీళ్ళూ ఇలాగే సున్నపు నీళ్ళు. ఈ విషయంలో ఎసెక్స్ పడవవాడూ, పల్నాటి రైతూ ఒకే పడవలో ఉన్నారు. ఇద్దరికీ వాన నీళ్ళే దిక్కు.

ఇక నూనె బిరుసు. పాతరోజుల్లో ఇంగ్లండు నావికులు గుడ్డకు అవిసె నూనె పట్టించి నీళ్ళు దిగకుండా చేసుకునేవారు. ఈ నూనె ఆరిపోదు, గాలిలోని ఆక్సిజన్‌ను పీల్చి గట్టిపడుతుంది. మన వడ్రంగి తలుపుకు పట్టించే లిన్సీడ్ నూనె అదే. తలుపు మీద అది మెరుపు, గుడ్డ మీద అది పెళుసు. ఏళ్ళు గడిస్తే పసుపుపచ్చ పెంకులా మారి మడత దగ్గర విరుగుతుంది. దాన్ని మెత్తబరిచే ఉపాయం లేదు. ఎవరైనా ఉందంటే నమ్మొద్దు. ఆ నూనె తుడిచిన గుడ్డపీలికలు ఉండచుట్టి పడేస్తే వాటంతటవే వేడెక్కి అంటుకుంటాయి కూడా, అందుకే పరిచి ఆరబెట్టాలి. మైనం బిరుసు మాత్రం మంచి బిరుసు. ఎండ తగిలితే సడలుతుంది, చల్లబడితే బిగుస్తుంది. ఇరవయ్యో శతాబ్దంలో ఇంగ్లండు నూనె గుడ్డను వదిలి మైనం గుడ్డకు మారడానికి ఇదొక కారణం. మన బరకం ఈ రెండో వంశానిదే. మిట్టమధ్యాహ్నం కళ్ళంలో పరిచిన బరకం మీద అరచెయ్యి ఆనించండి. కొద్దిగా జిగురు తగిలి, గోరుతో గీస్తే తెల్లటి చార పడితే మైనం ఇంకా ఉన్నట్టు. చార పడకపోతే గుడ్డే మిగిలింది.

ఉతుకుడు దగ్గర నాకు ఇంగ్లీషు రచయిత జెరోమ్ కె. జెరోమ్ గుర్తుకొస్తాడు. 1889లో వచ్చిన ‘త్రీ మెన్ ఇన్ ఎ బోట్’లో ముగ్గురు మిత్రులు థేమ్స్ మీద పోతూ, రాత్రికి పడవ మీద కమాను కడ్డీలు గుచ్చి వాటిమీద కాన్వాసు పరచబోతే, వాళ్ళలో ఇద్దరు దానిలోనే చుట్టుకుపోతారు. కాన్వాసు బరువూ మొండితనమూ తెలిసినవాడే ఆ ఘట్టం రాయగలడు. అదే పుస్తకంలో తమ బట్టలు తామే నదిలో ఉతుక్కుంటే బట్టల మురికి పోలేదు గాని నది మురికి బట్టలకు పట్టిందనీ, చివరికి ఉతికే ఆవిడ మామూలు ధరకు మూడింతలు తీసుకుందనీ వస్తుంది. మన బట్టలుతికే రేవులో పనిచేసేవారు ఎవరైనా అది చదివితే నవ్వరు, ఉతకడం ఒక విద్య అని వాళ్ళకు ముందే తెలుసు.

ఆ విద్య రెండు చోట్లా రెండు దారులు పట్టింది. ఇంగ్లండు పడవమనిషి చల్లటి నీళ్ళు, మామూలు ఒంటిసబ్బు, మెత్తటి బ్రష్షు, బూజుకు పల్చటి వెనిగర్ అంటాడు. అంటే సున్నితంగా పోయి, బూజు దగ్గర పులుపు వాడతాడు. మనవాళ్ళు చౌడు మట్టి, ఉబ్బ, బండ, ఎండ అంటారు. అంటే క్షారం, ఆవిరి, దెబ్బ, వెలుతురు. రసాయనశాస్త్రం ఇక్కడ కొంత మన పక్షమే: నూలు క్షారాన్ని తట్టుకుంటుంది, పులుపును తట్టుకోదు. వెనిగర్ పెట్టి సరిగా జాడించకుండా ఎండలో వేస్తే పోగు బలం తగ్గొచ్చు. నిమ్మకాయ, ఉప్పు రుద్ది తుప్పు మరక తీయడం రెండు దేశాల్లోనూ తెలిసిన చిట్కాయే, దానికీ ఇదే జాగ్రత్త. అయితే బరకం చొక్కా కాదు. మైనం పట్టించిన గుడ్డను ఉబ్బలో పెడితే మైనం కరిగి మురికితో కలిసి లోపలికి దిగుతుంది, బండకేసి బాదితే పోగు విరుగుతుంది. కాబట్టి చొక్కాకు మన పద్ధతి, బరకానికి వాళ్ళ పద్ధతి అని నా తీర్పు. ఒక్క సవరణతో: సబ్బు బదులు కుంకుడు పులుసు. పట్టుచీరకు మనం నమ్మే ఈ పులుసు బోరు నీళ్ళలో తెట్టు కట్టదు. ఇంగ్లండు వాళ్ళకు కుంకుడు చెట్టు లేకపోవడం వాళ్ళ దురదృష్టం.

బూజు తీయడం మాత్రం తడితో మొదలుపెట్టకూడదు. ఇది రెండు వైపులా అనుభవజ్ఞులు చెప్పేదే గాని రెండు వైపులా జనం చేయనిదే. గుడ్డను బాగా ఎండబెట్టి, ఆరుబయట, గాలి మనకు వెనకనుంచి వచ్చేలా నిలబడి, కొబ్బరి పీచు బ్రష్షుతో పొడిగానే దులపాలి. బూడిద రంగు పొడి లేస్తుంది, ముక్కుకు గుడ్డ కట్టుకోవాలి. తడిగా రుద్దితే ఆ పొడి పోగులోకి పోయి పడుకుంటుంది. దులిపాక పైనున్న పొడి పోతుంది గాని నల్లచుక్కలు అలాగే ఉంటాయి. దగ్గరగా పట్టి చూస్తే చుక్క గుడ్డ మీద లేదు, పోగు లోపల ఉందని తెలుస్తుంది. అది బూజు వదిలిన రంగు, బూజు కాదు. దాన్ని వదిలేయాలి. వదలలేక బ్లీచింగ్ పోస్తే చుక్కతోపాటు పోగూ తెల్లబడి, పెళుసై, మరుసటి ఏడు అక్కడే చిరుగుతుంది. ఇక్కడ మన రైతు, ఇంగ్లండు పడవ యజమానికన్నా తెలివైనవాడు. బరకం తెల్లగా ఉండాలన్న పట్టింపు అతనికి లేదు. పడవ రేవుల్లో మాత్రం మచ్చల ముసుగు నలుగురిలో నామోషీ, ఆ నామోషీ చాలా మంచి గుడ్డలను పొట్టన పెట్టుకుంది.

మచ్చ పడకుండా ఉండటానికి ముందే రంగు పట్టించడం అసలు పాత పద్ధతి. ఇక్కడే రెండు తీరాల చుట్టరికం నిజంగా రక్తసంబంధంలా కనిపిస్తుంది. థేమ్స్ సరుకు పడవల తెరచాపలు ముదురు ఎరుపు. వాటి కట్టుబాటు ప్రకారం తెరచాపను కిందికి దించి మడవరు, స్తంభానికి ముడిచి కట్టి ఏడాదంతా అలాగే వానలో వదిలేస్తారు. దించి ఆరబెట్టే వీలు లేదు కాబట్టి చేప నూనె, ఎర్ర కావిమట్టి, నీళ్ళు కలిపి పట్టించేవారు. అది పూర్తిగా ఆరిపోయేది కాదు, ముట్టుకుంటే చేతికి ఎర్రగా అంటేది, గుడ్డ మాత్రం మెత్తగా ఉండేది. చేపల రేవుల్లో వలలకూ చాపలకూ ఇంకో మందు, కాచు. అదే, మనం తమలపాకులో వేసుకునే కాచు. చండ్ర చేవను ఉడికించి తీసిన ఆ దిమ్మలు మన దేశంనుంచీ, బర్మానుంచీ ఓడలెక్కి ఇంగ్లండు, స్కాట్లండు రేవుల్లో పెద్ద రాగి కాగుల్లో కరిగేవి. మన తీరంలో నైలాను రాకముందు నూలు వలలను తుమ్మ వంటి చెట్ల బెరడు కషాయంలో ముంచి తీసినదీ అందుకే. బెరడులోని వగరు బూజును దగ్గరికి రానివ్వదు. అక్కడ కాచు రంగు నిలవడానికి మైలుతుత్తం కలిపేవారు. మన రైతు సున్నంతో కలిపి బోర్డో మిశ్రమంగా తోటల మీద చల్లే మైలుతుత్తమే అది, శత్రువూ ఒకటే. లండన్ పక్కన విల్స్‌డెన్‌లో రాగిని అమ్మోనియాలో కరిగించి గుడ్డకు పట్టించి ఆకుపచ్చ కాన్వాసు చేసేవారు, అదీ ఈ వంశమే. మన పాత బరకాల్లో చాలావాటికున్న ఆకుపచ్చను చూసి ఎవరో సౌందర్యదృష్టితో వేశారనుకోకండి.

కాచు పట్టిన గుడ్డకు ఇనుప మేకు తగిలితే నల్లగా మారుతుంది. ఇంగ్లండు పడవమనిషికి అది చిరాకు. మన పెడన, శ్రీకాళహస్తి కలంకారీ పనివాళ్ళకు అదే వృత్తి: కరక్కాయ వగరు పట్టించిన గుడ్డ మీద, తుప్పు ఇనుమును బెల్లం నీళ్ళలో పులియబెట్టి తీసిన రసంతో గీసినా, అచ్చు వేసినా నలుపు తేలుతుంది. వాళ్ళు కరక్కాయతోపాటు గేదె పాలు కూడా పట్టిస్తారు. పాలలోని వెన్న రంగును పాకనివ్వదు. చేప నూనె నీటిని పాకనివ్వనట్టే. ఒకరు బొమ్మ కోసం, ఒకరు వాన కోసం చేసినా గుడ్డ లోపల జరిగేది దగ్గరి పనే. చేటు కూడా ఒకటే. మ్యూజియాల్లో ఉన్న పాత అద్దకాల్లో ఇనుము నలుపు గీసినచోటే గుడ్డ రాలిపోతూ ఉంటుంది. ముసుగులో ఇనుప రింగు చుట్టూ, బరకంలో ఇనుప కొక్కెం పక్కన ముందుగా చీకేదీ అందుకే. ఇత్తడి రింగుకు చిలుము పడితే చింతపండుతో తోమి పోనివ్వచ్చు. ఇనుప రింగుకు తుప్పు పడితే రింగునే తీసెయ్యాలి.

మెత్తదనం గురించి ఒక మాట చెప్పకుండా దాటలేను. రెండో ప్రపంచయుద్ధంలో సాలమన్ దీవుల్లో అమెరికా సైన్యం గుడారాలూ, నూలు సరంజామా నెలల్లోనే చీకిపోయాయి. తినేస్తున్నదేమిటా అని చూస్తే ఒక శిలీంధ్రం. దాన్ని మసాచుసెట్స్‌లోని నేటిక్ సైనిక ప్రయోగశాలలో ఎల్విన్ రీస్, మేరీ మాండెల్స్ ఏళ్ళపాటు పరిశీలించారు. ఇప్పుడు దాని పేరు ట్రైకోడెర్మా రీసై, రీస్ పేరే పెట్టారు. నూలును కరిగించే దాని ఎంజైములు తర్వాత పరిశ్రమకు పనికొచ్చాయి. ఇవాళ దుకాణంలో కొత్త జీన్సు పాతదానిలా మెత్తగా ఉండటానికి, రాళ్ళతో దంచడానికి బదులు వాడే ఎంజైముల్లో ఈ జాతివి ఉన్నాయి. గుడారాన్ని చంపినదే ప్యాంటును మెత్తబరుస్తోంది! అంటే మూలన పడున్న బరకం మెత్తబడిందని సంతోషించే ముందు, ఎవరు మెత్తబరిచారో చూసుకోవాలి. చేతులు తిరిగి, మడతలు పడి, ఎండా వానా తగిలి వచ్చిన మెత్తదనం ఒకటి, బూజు నమిలి వదిలిన మెత్తదనం ఒకటి. పైకి రెండూ ఒకటే.

ఉతికాక పట్టించడంలో వాళ్ళ దగ్గర మనం నేర్చుకోవాల్సింది ఉంది. గుడ్డ పూర్తిగా ఆరాక, తేనెమైనం, పారఫిన్ మైనం కలిపి, కొద్దిగా టర్పెంటైన్‌తో పల్చబరిచి, బ్రష్షుతో ముందు కుట్ల మీద, తర్వాత మడతల మీద, చివరికి మిగతా గుడ్డంతటి మీద పట్టిస్తారు. అక్కడి చలిలో మైనం లోపలికి దిగదు కాబట్టి వేడిగాలి యంత్రం పట్టుకుని జానెడు జానెడు కరిగిస్తారు. మనకు ఏప్రిల్ ఎండ ఉచితం. ఈ పనికి దేవుడిచ్చిన దేశంలో ఉండి మనం చేయకపోవడం ఆశ్చర్యం. ఇంకా చవకైన దారి ఒకటుంది, పాత పుస్తకాలకు తెలిసిందే: గుడ్డను సబ్బు నీళ్ళలో ముంచి పిండి, వెంటనే పటిక నీళ్ళలో ముంచడం. ఉతికాక మిగిలిన సబ్బు మామూలుగా మన శత్రువు, నీటిని గుడ్డలోంచి దారి చూపించి మరీ దింపుతుంది. పటిక తగిలితే అదే సబ్బు నీళ్ళకు కరగని పదార్థంగా మారి పోగులోనే ఉండిపోయి నీటిని ఆపుతుంది. గుడ్డ మైనానికన్నా మెత్తగా ఉంటుంది. పటిక మోతాదు మించితే మాత్రం దాని పులుపు గుడ్డను తింటుంది. బట్టలు మెత్తబడటానికి ఈ రోజుల్లో సీసాల్లో అమ్మే కండిషనర్లు ఈ పనికి బొత్తిగా పనికిరావు, అవి గుడ్డను మెత్తబరిచి వానకు అప్పగిస్తాయి.

ఇప్పుడు రెండు వైపులా నూలు వెనకబడింది. ఇంగ్లండు వైపు, 1961లో అమెరికాలో సన్‌బ్రెల్లా పేరుతో వచ్చిన అక్రిలిక్ నేత, ఇక్కడ పాలిథీన్ పట్టా. వీటిలో పోలికకన్నా తేడాయే ఎక్కువ. అక్రిలిక్ నేసిన గుడ్డ కనుక ఊపిరి ఆడుతుంది, బూజుకు తిండి కాదు, బ్లీచింగునూ ఓర్చుకుంటుంది. మన పట్టా ఊపిరాడని పొర. కింద రాశి చెమటపడుతుంది, రెండు మూడు ఎండలకు పొరలు పొరలుగా రాలి చేలో కలుస్తుంది. చిక్కేమిటంటే, అక్రిలిక్‌కు రాసిన శుభ్రం చేసే పద్ధతి చదివి పాత నూలు ముసుగు మీద ప్రయోగించేవాళ్ళు అక్కడ బోలెడు. ఏ గుడ్డో తెలియకపోతే అంచున ఒక పోగు తీసి కాల్చి చూడాలి. కాగితం కాలిన వాసనతో మెత్తటి బూడిద మిగిలితే నూలు, కరిగి గట్టి పూసగా ముడుచుకుంటే కాదు. పట్టుచీర కొనేటప్పుడు మన అమ్మలు చేసే పరీక్షకు ఇది దగ్గరిదే.

గాలి సంగతి ఎవరూ పట్టించుకోరు గాని అన్నిటికన్నా పెద్దది అదే. పడవ ముసుగు కింద నిలువు కర్ర పెట్టి, వెన్నులా దూలం కట్టి, నీళ్ళు మధ్యలో నిలవకుండా వాలు ఇచ్చి, రెండు చివరలా గాలికి సందు వదులుతారు. మన భారత ఆహార సంస్థ ఆరుబయట బస్తాల రాశులు కప్పినచోట, వాన లేని రోజున కప్పు ఎత్తి గాలి ఆడనివ్వాలన్నది పద్ధతి. రెండింటి వెనకా ఉన్న ఎరుక ఒకటే: పైనుంచి పడే నీటికన్నా కిందనుంచి లేచే తేమ ఎక్కువ పాడుచేస్తుంది. బరకాన్ని మూలన తోసే ముందు ఒక ఎండ చూపించి, చుట్టి, నేలకు జానెడు ఎత్తున వేలాడదీస్తే ఇందులో చెప్పిన పనుల్లో సగం అక్కర్లేదు.

మీ అటక మీద నూలు బరకం ఒకటి ఉండి, ఈ వేసవిలో దాని పని పడదామనుకుంటే, నీళ్ళు తాకించే ముందు అంచు దగ్గర ఒక పోగు లాగి రెండు చేతులతో తెంపి చూడండి. ఎదురు తిరిగి టక్కున తెగితే కుంకుళ్ళు నానబెట్టుకోండి, ఇంకో పదేళ్ళు పనిచేస్తుంది. దూదిలా విడిపోతే మాత్రం ఉతకొద్దు, మైనమూ దండగే. కట్టెల మోపు మీద కప్పేసి, కొత్తది కొనుక్కోండి.